పాత బోర్డో వైన్: మాగిందా, ముక్కిపోయిందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ కదా. మీ అన్నయ్య ఫ్రాన్స్ నుంచి రెండు సీసాలు తెచ్చిచ్చారు, 1996 షాతో లెయోవిల్ బార్టన్, అక్కడి బోర్డో ప్రాంతంలో సాన్ జూలియన్ ఊరి వైన్. ఒకటి పోయిన నెల హైదరాబాద్‌లో ఇంట్లోనే మటన్ బిర్యానీతో తెరిచారు. రంగు వెలిసి ఇటుక ఛాయ తిరిగింది, పండు వాసన లేదు, ఎండుటాకులూ పాత చెక్కపెట్టే కలిసిన వాసన, గ్లాసు అడుగున నల్లటి మడ్డి. పాడైపోయిందనుకుని సగం సీసా సింకులో పోశారు. రెండోదాన్ని ఉంచాలా పారేయాలా అన్నది ప్రశ్న.

పారేయకండి. ఆ సగం సీసా అలా పోయినందుకు నాకు నిజంగానే బాధేసింది. మీ తప్పేమీ లేదు, ముందు ఎవరూ చెప్పకపోతే ఎవరైనా అదే అనుకుంటారు. మీరు రాసిన నాలుగు గుర్తులూ, పండు వాసన మొదట తగలకపోవడంతో సహా, దాదాపు 30 ఏళ్ళు సవ్యంగా నిలవున్న మెడాక్ (బోర్డోలో ఒక భాగం) వైన్‌కి ఉండాల్సినవే. అంత వయసు వైన్ ఇంకా చిక్కటి ఊదారంగులో, అడుగున మడ్డి అనేదే లేకుండా ఉంటే నేను సీసా లేబుల్‌నే అనుమానిస్తాను.

నా అనుభవం సంగతి చెప్తాను, ఎందుకంటే కింద రాసేదంతా అక్కడి నుంచి వచ్చిందే. మెడాక్ ద్రాక్షతోటల్లో మూడు కోతలకి పనిచేశాను, ఆ తర్వాత 19 ఏళ్ళు లండన్‌లో రెస్టారెంట్లలో వైన్ చూసుకునే ఉద్యోగం. పాత బోర్డో సీసాలు కొన్ని వందలు ఈ చేతులతో తెరిచాను. వాటి ముందు కూర్చున్న మనుషుల ముఖాలు కూడా చూశాను. మొదటిసారి తాగేవాళ్ళందరూ ఒకే చోట నిరాశపడతారు, ఘాటు కోసం వెతికి, అది దొరక్క.

మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది. మామిడికాయల్ని గడ్డిలో పెట్టి మగ్గబెడతాం. వానాకాలంలో మూలన పడేసిన గోనెసంచి కూడా మగ్గుతుంది. మాట ఒకటే, వాసనలకి మాత్రం పోలికే లేదు. పాత వైన్ తాగడం నేర్చుకోవడమంటే ముక్కుకి ఈ రెండు మగ్గడాల మధ్య తేడా పట్టుబడటమే, మిగతావన్నీ దాని తర్వాత.

ముందు ఆ రంగు ఎందుకు వెలిసిందో చూద్దాం. రెడ్ వైన్‌కి రంగు ద్రాక్ష తొక్క నుంచి వస్తుంది. వగరు తొక్క నుంచీ గింజల నుంచీ, కొంత ఓక్ పీపాల నుంచీ వస్తుంది. టానిన్ అంటారు దాన్ని. వగరు అనేది మన షడ్రుచుల్లోనే ఉంది కాబట్టి మనకి విడమరిచి చెప్పక్కర్లేదు, నేరేడుపళ్ళు తిన్నాక నాలుక బిగదీసుకుపోతుందే, అదే ఇది. సీసా పడుకుని ఉన్న ఏళ్ళలో ఈ రంగు అణువులూ వగరు అణువులూ ఒకదానికొకటి అతుక్కుంటూ పెద్దవవుతాయి, బరువెక్కినవి అడుక్కి దిగిపోతాయి. మీ గ్లాసులో కనిపించిన మడ్డి అదే. ఒకప్పుడు ఆ వైన్‌కి రంగు, బిగువు ఇచ్చిన సరుకే అది. కడుపులోకి పోతే ఏమీ కాదు గానీ నాలుక మీద సన్నటి ఇసుకలా తగులుతుంది, చేదుగా ఉంటుంది, చెంచాడు కలిసినా తేటగా ఉన్న వైన్ మసకబారి వాసన మందగిస్తుంది. బిర్యానీ రోజు మీకు సగం దెబ్బ అక్కడే తగిలిందని నా అనుమానం, సీసా అడ్డంగా పడుకోబెట్టి ఉన్నదాన్ని అప్పటికప్పుడు తీసి తెరిచి ఉంటారు.

ఇక మీ సీసా ఏ నేల నుంచి వచ్చిందో. గారోన్, డోర్డోన్ అనే రెండు నదులు బోర్డో నగరానికి దిగువన కలిసి జిరోండ్ అయ్యి అట్లాంటిక్‌లో పడతాయి. ఆ జిరోండ్‌కి ఎడమ ఒడ్డున ఉన్నది మెడాక్. ఒకప్పుడు చాలా మటుకు చిత్తడి నేల, 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు కాలవలు తవ్వి నీరు బయటికి తోడేశాక తోటలకి పనికొచ్చింది. అక్కడి దిబ్బల మీద అంతా గులకరాయి. వంగి గుత్తులు కోస్తుంటే మోకాళ్ళ కింద రాళ్ళు సాయంత్రం దాకా వెచ్చగా తగిలేవి. నీరు నిలవని, వేడి పట్టి ఉంచే ఆ నేలే కాబెర్నే సావిన్యోన్‌కి కావాలి, అది ఆలస్యంగా పండే ద్రాక్ష రకం. నదికి కుడిపక్క సెయింట్ ఎమిలియన్, పోమెరోల్ వైపు బంకమన్నూ సున్నపురాయీ ఎక్కువ, అక్కడ మెర్లో అనే ఇంకో ద్రాక్ష రకానిది పైచేయి.

ఒకే రకం వేసుకోకుండా కలపడం ఎందుకని చాలామంది అడుగుతారు. మన మెట్టరైతు కందీ జొన్నా కలిపి వేసుకున్న కారణమే. సముద్రం పక్కన వాతావరణాన్ని నమ్మలేం. మెర్లో ముందే చిగురుస్తుంది కాబట్టి వసంతంలో మంచు కురిస్తే దానికి దెబ్బ, కాబెర్నే వెనక పండుతుంది కాబట్టి అక్టోబరు వానలొస్తే దానికి దెబ్బ. రెండూ ఉంటే ఏదో ఒకటి నిలబడుతుంది. అలా జాగ్రత్త కోసం మొదలైనదే రుచిగా స్థిరపడింది: కాబెర్నే బిగువూ నిలకడా ఇస్తే మెర్లో ఆ మధ్యలో మెత్తదనం నింపుతుంది, కొద్దిగా కాబెర్నే ఫ్రాంక్ పరిమళం, కొందరు చిటికెడు పెటి వెర్డో. పళ్ళన్నీ కలిపి తొక్కరు, ఏ రకానికి ఆ రకం, ఏ మడికి ఆ మడి విడిగా పులియబెట్టి, చలికాలంలో కూర్చుని రుచి చూస్తూ పాళ్ళు తేలుస్తారు. ఆ తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర, అటూ ఇటూ. మధ్యమధ్య తేటని ఒక పీపా నుంచి ఇంకో పీపాలోకి వంపుతారు, చివర్లో కోడిగుడ్డు తెల్లసొన కలిపితే తేలుతున్న వగరు దానికి పట్టుకుని అడుక్కి దిగుతుంది. శతాబ్దాలుగా ఇదే పద్ధతి.

1996 సంవత్సరం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీ అన్నయ్యగారు తెలిసి తెచ్చినా తెలియక తెచ్చినా మంచి ఏడాది తెచ్చారు. ఆ సెప్టెంబరు మెడాక్‌లో ఎండగా, పొడిగా గడిచింది, రాత్రుళ్ళు చల్లగా ఉన్నాయి. కాబెర్నేకి అంతకంటే ఏం కావాలి. పులుపు తగ్గకుండా పండింది. మెర్లో మీద ఆధారపడ్డ కుడి ఒడ్డుకి అంత కలిసి రాలేదు. 1982లా నోట్లో వెన్నలా పరుచుకునే ఏడాది కాదు ఇది, నిటారుగా కూర్చునే రకం, అందుకే మాగడానికి ఇంత కాలం తీసుకుంది.

లెయోవిల్ ఒకప్పుడు ఒకటే పెద్ద ఎస్టేట్, తర్వాత మూడు ముక్కలయింది: లాస్ కాజ్, పొయ్‌ఫెరే, బార్టన్. ఐర్లండ్ మూలాలున్న బార్టన్ కుటుంబం దీన్ని 1826లో కొంది, ఇప్పటికీ వాళ్ళ చేతుల్లోనే ఉంది. 2022లో పోయిన ఆంథొనీ బార్టన్ గారు పక్కవాళ్ళు ధరలు ఆకాశానికి ఎత్తుతున్నప్పుడు కూడా తన ధర మర్యాదగా ఉంచిన మనిషిగా ఆ వ్యాపారంలో అందరికీ తెలుసు, నాకు ఆ ఇంటి వైన్ మీద ప్రేమకి అదీ ఒక కారణం. లెయోవిల్ బార్టన్‌కి సొంతంగా భవనమే లేదు, వైన్ వాళ్ళదే అయిన పక్క ఎస్టేట్ లాంగోవాలో తయారవుతుంది, లేబుల్ మీద మీకు కనిపించే బొమ్మ ఆ లాంగోవా భవనానిదే. 1855లో మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం చేయించిన వర్గీకరణలో దీనిది రెండో శ్రేణి. ఆ జాబితా అప్పటి అమ్మకపు ధరలను బట్టి బ్రోకర్లు వేసింది. దాన్ని గౌరవించండి గానీ దాని ముందు బెదరకండి. సాన్ జూలియన్‌లో మొదటి శ్రేణి తోట ఒక్కటీ లేదు, అయినా మెడాక్‌లో ఒక్క ఊరే ఎంచుకోమంటే నేను ఆ ఊరే ఎంచుకుంటాను.

రెండో సీసా ఇప్పుడు ఎక్కడుంది? వంటింటి అల్మారాలో అయితే ఈరోజే తీసేయండి. హైదరాబాద్ ఎండాకాలం దానికి శత్రువు. ఫ్రాన్స్‌లో 12, 13 డిగ్రీల నేలమాళిగలో పడుకున్న వైన్ 38 డిగ్రీల గదిలో రెండు వారాలున్నా ఉడికిపోతుంది, వ్యాకోచించి బిరడా పక్క నుంచి కారుతుంది కూడా. వైన్ కోసం ప్రత్యేకంగా చేసిన చిన్న ఫ్రిజ్ ఉన్నవాళ్ళు ఎవరైనా తెలిసి ఉంటే అక్కడ పెట్టించండి. లేదంటే మామూలు ఫ్రిజ్‌లోనే కింది అరలో, పేపర్ చుట్టి, అడ్డంగా. ఏళ్ళ తరబడి అయితే ఆ పొడిగాలికి కార్కు ఎండుతుంది గానీ కొన్ని నెలలకి పర్వాలేదు. డిసెంబరు, జనవరి చలిలో తాగేయండి, ఇంకా దాచాలని ఆశపడొద్దు.

లైటు ముందు పెట్టి సీసాలో వైన్ ఎంతవరకు ఉందో కూడా చూడండి. మెడ దాకా, లేదా మెడ మొదలు దాకా ఉంటే ఈ వయసుకి చాలా బాగున్నట్టు. భుజం పైభాగానికి దిగినా కంగారు పడొద్దు. భుజం సగానికి దిగిందంటే మాత్రం లోపలికి గాలి బాగానే పోయిందని అర్థం.

తాగే రోజుకి కనీసం రెండు రోజుల ముందు సీసాని నిలబెట్టండి, మూడైతే ఇంకా మంచిది. మడ్డి మెల్లగా జారి అడుక్కి చేరాలి. ఆ తర్వాత ఊపకూడదు, తిప్పకూడదు. పైన తొడుగు పూర్తిగా తీసేసి మెడ అంచుని తడిగుడ్డతో తుడవండి, నల్లగా బూజులాంటిది ఉంటే ఉండొచ్చు, దాంతో ఇబ్బంది లేదు. ఇప్పుడు కార్కు. ఇంత పాతది తడిసి మెత్తబడి ఉంటుంది, మామూలు స్క్రూ వేసి లాగితే మధ్యకి విరుగుతుంది. రెండు పల్చటి రేకు కాళ్ళుండే ఓపెనర్ ఉంటుంది, ఆ-సో అంటారు. ఆ కాళ్ళని కార్కుకీ గాజుకీ మధ్య దించాలి, ఒకసారి ఈ పక్క ఒకసారి ఆ పక్క కొద్దికొద్దిగా ఊపుతూ లోపలికి, పూర్తిగా దిగాక గుండ్రంగా తిప్పుతూ పైకి. గట్టిగా అదిమితే కార్కు సీసాలోకి పడిపోతుంది, కాబట్టి ఊపిరి బిగబట్టి చేసే పనే అది. విరిగితే విరిగిందని వదిలేయండి, ముక్కలు పడితే ఉతికిన, సబ్బు వాసన లేని పల్చటి గుడ్డలోంచి వంపుకోవచ్చు.

వెంటనే డికాంటర్‌లో, అంటే వైన్ వంపుకునే గాజు పాత్రలో, పోయాలా వద్దా అన్నదానికి ఇంటర్నెట్‌లో వంద సలహాలున్నాయి. నేను చేసేది చెప్తాను. తాగడానికి గంట ముందు తెరుస్తాను, ఒక చెంచాడు గ్లాసులో వేసి వాసన చూస్తాను. బిగుసుకుని, వాసన రానని మొరాయిస్తున్నట్టుంటే అప్పుడే వంపేస్తాను. సన్నగా, తీగలాగా, ముట్టుకుంటే పోయేలా వస్తుంటే సీసాలోనే ఉంచి వడ్డించే ముందు మాత్రమే వంపుతాను. 1970ల నాటి వైన్ ఒకదాన్ని ఎవరి మాటో విని మూడు గంటల ముందు వంపి పెట్టాను ఒకసారి, అతిథులు వచ్చేసరికి దాంట్లో ఏమీ మిగల్లేదు, పుల్లటి నీళ్ళు. ఆ రోజు నుంచి నేను గడియారాన్ని నమ్మడం మానేసి ముక్కుని నమ్ముతున్నాను. మీ 1996 బార్టన్ గట్టి ప్రాణమే కాబట్టి ఎక్కువగా మొదటి దారే పడుతుంది.

వంపేటప్పుడు మెడ వెనక కొవ్వొత్తి గానీ ఫోన్ టార్చి గానీ పెట్టుకోండి. ఒకే ధార, ఆపకుండా, మెల్లగా. ఆపి మళ్ళీ వంచితే సీసాలో అల లేచి మడ్డి కదులుతుంది. మొదట మెడలో వెలుగు కెంపులా తేటగా కనిపిస్తుంది. చివరికొచ్చేసరికి పొగలాంటి ఒక సన్నటి గీత భుజం మీంచి పాకుతూ మెడ వైపు వస్తుంది. అది మెడలోకి రాగానే చెయ్యి ఎత్తేయండి. అడుగున రెండు వేళ్ళ మందం వదిలేయడానికి మనసొప్పదు, తెలుసు. వదిలేయండి.

ఫ్రెంచివాళ్ళ పుస్తకాల్లో గది వేడిమి అని రాసింది చదివి మన 30 డిగ్రీల గదిలో పోసుకుంటే ఆల్కహాల్ తప్ప ఏదీ ముక్కుకి రాదు. 16, 17 డిగ్రీలుండాలి. గ్లాసు పెద్దది, కింద పొట్ట ఉండి పైకి మూసుకునేది, మూడో వంతు మించి పోయొద్దు.

ఇప్పుడు కూర్చోండి. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూడండి, మధ్యలో దానిమ్మ గింజ రంగు, అంచుకొచ్చేసరికి నారింజ, ఇటుక. తర్వాత గ్లాసు తిప్పకుండా ఒక్కసారి వాసన పీల్చండి, ఎందుకంటే అన్నిటికంటే సన్నటి పరిమళం మొదటి క్షణంలోనే పైన తేలుతుంది, తిప్పితే చెదిరిపోతుంది. ఏం వెతకాలి? పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే చెక్క వాసన, అది దేవదారు జాతి వాసన, మెడాక్ కాబెర్నేకి సంతకం లాంటిది. తర్వాత పొగాకు. ఇక్కడ నేను ఒక విషయం చెప్పాలి. మాది ఒంగోలు పక్క పల్లె. చిన్నప్పుడు పొగాకు బ్యారన్లు, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్లు, కాలుతున్న రోజుల్లో ఊరంతా ఒక తీపి వాసన ఉండేది, ఆకు పచ్చి వదిలి పసుపు తిరిగేటప్పటి వాసన, తేనె, ఎండుగడ్డి, వెచ్చటి మట్టి అన్నీ కలిసినట్టు. మెడాక్‌లో నా మొదటి కోత చివరి రోజు భోజనాల దగ్గర ఒక ముసలి పనివాడు గాజు జగ్గులో పాత వైన్ తెచ్చి తలా కొంచెం పోశాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను, మా బ్యారన్ తలుపు తెరిచినట్టయింది. పక్కనున్నవాళ్ళు సిగార్ పెట్టె అంటున్నారు. నాకు సిగార్ పెట్టె అంటే తెలియదు, మా నాన్న చొక్కా తెలుసు. అందుకే చెప్తున్నాను, పుస్తకంలో రాసిన బ్లాక్ కరంట్, సీడార్ అనే మాటల కోసం వెతక్కండి, మీ ముక్కు ఏ ఊరికి తీసుకెళ్తే అక్కడికి వెళ్ళండి. ఎండుటాకుల మీద తొలకరి పడ్డ మామిడితోట, పుట్టగొడుగు, పాత తోలు సంచి, రాయిలాంటి ఇనుములాంటి ఒక చల్లదనం, వీటన్నిటి వెనకాల ఎండిన నేరేడుపండు తీపి. ఆ పండు మాత్రం ఉండాలి. సన్నగానైనా ఉండాలి. పండు పూర్తిగా పోయి ఆకులే మిగిలితే వైన్ వయసు దాటిపోయినట్టే.

మీకు పండు తగల్లేదన్నారు. వెంటనే తగలదు. లండన్‌లో ఒక రాత్రి ఒక పెద్దాయన ఒంటరిగా వచ్చి 1982 పోయాక్ సీసా తెప్పించుకున్నారు, పోయాక్ కూడా మెడాక్‌లో ఊరే. పోసిన వెంటనే నేనూ వాసన చూశాను, చల్లటి రాయి, తడి ఆకు, అంతే. దాని పని అయిపోయిందేమోనని నాకు గుండె జారింది. ఆయన ఏమీ అనలేదు, గ్లాసు మీద అరచెయ్యి మూసిపెట్టి, రొట్టె తుంచుకు తింటూ కూర్చున్నారు. పావుగంటకి చెయ్యి తీసి వాసన చూశారు, మళ్ళీ మూసేశారు. మరో పది నిమిషాలకి నన్ను పిలిచి గ్లాసు నా చేతికిచ్చారు. అదే వైన్, అదే గ్లాసు, దాంట్లోంచి దేవదారూ, పొగాకూ, పండిన నేరేడూ పొరలు పొరలుగా లేస్తున్నాయి. 25 నిమిషాల క్రితం అవి ఎక్కడున్నాయో. ఏళ్ళ తరబడి గాలి తగలని వైన్‌కి ఆ మాత్రం సమయం పడుతుంది. మీరు బిర్యానీ రోజు ఎంతసేపు ఆగారో రాయలేదు, 10 నిమిషాల్లోపే తీర్పు ఇచ్చేశారని నా ఊహ.

గుక్క చిన్నది తీసుకోండి, మింగకుండా నోరంతా తిప్పండి. కొత్త బోర్డోలో వగరు చిగుళ్ళకి పట్టుకుని వదలదు, మీ దాంట్లో పట్టుబట్ట తగిలినట్టు వచ్చి పోతుంది. పక్కల నుంచి సన్నటి పులుపు ఊరాలి, 1996కి అది ఇంకా చురుగ్గా ఉంటుంది, వైన్ ప్రాణంతో ఉందనడానికి అదే సాక్ష్యం. మింగాక మాట్లాడకండి. రుచి ఎంతసేపు నిలబడుతుందో లోపల లెక్కపెట్టుకోండి. 20 దాటాక కూడా పొగాకూ నేరేడూ తిరిగి తిరిగి వస్తుంటే మీ చేతిలో ఉన్నది గొప్ప వైన్. పలచగా ఉందనిపించొచ్చు. ఆ కాలం మెడాక్‌లో ఆల్కహాల్ 12.5 శాతం దగ్గర ఉండేది, ఇప్పటివి 14 దాకా వెళ్తున్నాయి, ఇప్పటి వాటికి అలవాటుపడ్డ నోటికి పాతది నీరసంగా అనిపిస్తుంది. ఒక గ్లాసు అయ్యేసరికి ఆ భ్రమ పోతుంది.

మరి నిజంగా పాడైతే ఎలా తెలుస్తుంది? వానాకాలం బీరువాలో ముక్కిన పాత దినపత్రికలు, తడిసిన గోనెసంచి, ఇవి కార్కు జబ్బు వాసన. దీనికి తిరుగులేని పరీక్ష సమయమే. మాగిన వైన్ గాలి తగిలేకొద్దీ విచ్చుకుంటుంది, కార్కు జబ్బు పట్టినది అరగంటకి ఇంకా ముక్కిపోతుంది, నోట్లో కూడా రుచి మధ్యలోనే తెగిపోతుంది. ఒకసారి పేరున్న తోటదే ఒక ఖరీదైన సీసా ఇలా పోయింది, జబ్బు పట్టిన కార్కుది తప్ప ఎవరి తప్పూ లేదు. గోళ్ళరంగు తుడిచే మందు వాసనో వెనిగర్ ఘాటో ముక్కుని పొడిస్తే అది వేరే రోగం. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన, రంగు కషాయంలా గోధుమగా మారడం, ఇవి గాలి సోకిన గుర్తులు. ఉడికించిన ఖర్జూరం వాసన వస్తే వేడి దెబ్బ, మన దగ్గర ఎక్కువ సీసాలు పోయేది దీనితోనే. పశువుల కొట్టం వాసన విషయంలో మాత్రం తొందరపడొద్దు, పాత మెడాక్‌లలో అది లీలగా ఉంటుంది, బ్రెట్ అనే ఒక ఈస్ట్ వల్ల. లీలగా ఉంటే నాకు ఇష్టం, పండుని కప్పేస్తే ఇష్టం లేదు.

ఇక బిర్యానీ. నా మాట మీకు కష్టంగా ఉండొచ్చు గానీ ఆ రెంటినీ కలపకండి. లవంగం, షాజీరా, పుదీనా, పచ్చిమిర్చి గదినిండా ఉన్నప్పుడు ఆ సన్నటి దేవదారు ఎక్కడ వినపడుతుంది? మిరప మంట వగరునీ ఆల్కహాల్‌నీ నోట్లో మరింత మండిస్తుంది కూడా. వాళ్ళ ఊళ్ళో దీనికి పోయాక్ గొర్రెపిల్ల మాంసం, ఉప్పూ మిరియాలతో కాల్చినది. మన ఇంట్లో అయితే మటన్‌ని ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, కాసిని మిరియాలతో నెమ్మదిగా ఉడకబెట్టి నేతిలో వేయించుకోండి, గరం మసాలా వద్దు. శాకాహారులైతే పుట్టగొడుగులు వెన్నలో. ఏదీ లేకపోయినా పర్వాలేదు, మంచి రొట్టె ముక్క చాలు. అగరువత్తి, సెంటు, మల్లెపూలు ఆ రోజు ఆ గదిలో వద్దు. నలుగురికి మించి పిలవొద్దు, ఒక సీసా అంటే ముప్పావు లీటరు, అందులో కొంత మడ్డికి పోతుంది.

ప్రతి ఒక్కరూ చివరి గుక్క గంటన్నర దాకా దాచుకోండి. ఆ రాత్రి గ్లాసులు కడగకుండా బల్ల మీదే వదిలేసి పడుకోండి. పొద్దున్నే కాఫీ పెట్టకముందే ఖాళీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఆల్కహాల్ అంతా రాత్రికి ఎగిరిపోయి, అడుగున ఎండిన ఆ గోధుమ చుక్క దగ్గర పొగాకూ తేనే దేవదారూ రాత్రి కంటే స్పష్టంగా ఉంటాయి. ఏం తగిలిందో రాయండి, మీ మాటల్లోనే.